ఫస్ట్ టైం హాస్టల్‌లో రంజాన్, సహర్ (తెల్లారకముందు తినే తిండి) సంగతి ఎవరిని అడగాలో తెలీట్లేదు

తెనాలి_పిల్లోడు
మార్చి 3, 2025, రాత్రి 11:42

అందరికీ సలాం, నమస్తే. నేను బీటెక్ ఫస్టియర్, హైదరాబాద్ అవతల ఒక ప్రైవేట్ కాలేజీ, హాస్టల్‌లో ఉంటా. కాలేజీ పేరు రాయనులెండి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మేం నూర్‌బాషా (దూదేకుల) ముస్లింలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, మా నాయనమ్మ అయితే ఇప్పటికీ రోజా అనదు, ఒక్కపొద్దు అంటుంది. ఇల్లు వదిలి ఒక్కపొద్దు ఉండటం నాకు ఇదే మొదటిసారి. ఇంటర్ కూడా ఇంటి నుంచే బస్సులో వెళ్లొచ్చి చదివా కాబట్టి, నాలుగింటికి అమ్మ లేపితే లేవడం, కంచంలో వేడన్నం ఉండటం, తిని నమాజు చదివి మళ్లీ పడుకోవడం ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి అన్నట్టు ఉండేవాణ్ణి. దాని వెనక ఒక మనిషి మూడింటికే లేచి పొయ్యి వెలిగిస్తుందని నిన్ననే బుర్రకెక్కింది.

నిన్న ఆదివారం మొదటి రోజా. రూమ్‌లో ముగ్గురం, మిగతా ఇద్దరూ నిద్రపోతున్నారు, లైటు వేస్తే లేస్తారని ఫోన్ టార్చి గోడ వైపు తిప్పి పెట్టి నాలుగు బ్రెడ్డు ముక్కలు నీళ్లలో నంజుకున్నట్టు తిన్నా. ఆ బ్రెడ్డు కవరు చప్పుడు కూడా ఎంత పెద్దగా వినబడిందో. సాయంత్రం టెర్రస్ మీదకి పోయి ఇంటికి ఫోన్ చేశా. అమ్మ స్పీకర్ పెట్టింది, అందరూ చాప మీద కూర్చున్నారు, నాయనమ్మ దువా చదవడం వినబడుతోంది. 6:15కి మా ఊరి మసీదు అజాన్ ఫోన్‌లో వినబడింది. అమ్మ "అయ్యింది నాన్నా, నోట్లో వేసుకో" అంది, ఖర్జూరం వేసుకున్నా, నీళ్లు తాగా, సగం అరటిపండు తిన్నా. ఫోన్ పెట్టేసి కిందకి దిగబోతుంటే ఇక్కడి మసీదు సైరన్ మోగింది. టైం చూస్తే 6:23. నేను తినేటప్పుడు సూర్యుడు నీళ్ల ట్యాంకు వెనక ఇంకా ఉన్నాడు, నేను చూసుకోలేదు. మిగతా సగం అరటిపండు చేతిలోనే ఉంది, గొంతు దిగలేదు. అమ్మకి చెప్పలేదు, చెబితే తనవల్లే అయిందని బాధపడుతుంది.

ఇవాళ క్లాసులు. మధ్యాహ్నం ల్యాబ్‌లో కళ్లు మూతలు పడుతుంటే సార్ అందరి ముందూ లేపి నిలబెట్టారు. మెస్ టిఫిన్ ఏడున్నరకి, రాత్రి భోజనం కూడా ఏడున్నరకే మొదలవుతుంది, అంటే నాకు పనికొచ్చే టైంకి ఒక్కటీ లేదు. కెటిల్ పెట్టుకుంటే ఫైన్. గేటు ఎనిమిదిన్నరకి మూసేస్తారు, తరావీకి, అంటే రంజాన్ రాత్రుల్లో చదివే నమాజుకి, పోతే తిరిగి రావడం తొమ్మిదిన్నర దాటుతుంది. మా ఫ్లోర్‌లో థర్డియర్ వాళ్లు నలుగురైదుగురు ముస్లింలు ఉన్నారు కానీ వాళ్లందరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు, నా పేరు విని ఉర్దూలో పలకరించారు, నేను తెలుగులో జవాబిస్తే ఒకసారి నా ముఖం చూసి ఊరుకున్నారు. అప్పట్నుంచీ వాళ్ల దగ్గరికి పోవాలంటే మొహమాటంగా ఉంది. రూమ్మేట్స్‌కి కూడా రోజా ఉంటున్నానని చెప్పలేదు. ఎవరైనా హాస్టల్‌లో ఉండి చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ఇంకా ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో రోజులున్నాయి.

పాతబస్తీ_భయ్యా
మార్చి 4, రాత్రి 12:20

వాలేకుం సలాం తమ్ముడూ. ముందు ఆ అరటిపండు సంగతి. నువ్వు కావాలని చేయలేదు, పొరపాటున చేశావు. నాకు కూడా ఓసారి ఇలాగే టైం విషయంలో తప్పు జరిగితే మా మస్జిద్ ఇమామ్ సాబ్ రంజాన్ అయ్యాక ఆ రోజా బదులు ఇంకో రోజు ఖజా ఉండు చాలు అన్నారు. నువ్వు కూడా అక్కడి ఇమామ్ సాబ్‌ని ఒక మాట అడుగు, మనసు కుదుటపడుద్ది.

ఎందుకు తేడా వచ్చిందంటే తెనాలి హైదరాబాద్‌కి తూర్పున ఉంది, రేఖాంశంలో రెండు డిగ్రీల పైన తేడా, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అందుకే మీ ఊళ్లో సూర్యుడు ఎనిమిది నిమిషాలు ముందు దిగిపోతాడు. సహర్‌కీ ఇదే లెక్క, మీ ఊళ్లో ముందు ముగుస్తుంది, ఇక్కడ నీకు ఆ కాస్త ఎక్కువ టైం ఉంటుంది. కర్నూలు నుంచి వచ్చినవాళ్లకి ఇది రివర్స్‌లో దెబ్బ కొడుతుంది, వాళ్ల ఊరి టైం చూసుకుని సహర్ తింటూ కూర్చుంటే ఇక్కడ టైం దాటిపోయి ఉంటుంది. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి టైంటేబుల్. మస్జిద్ దగ్గర, కిరాణా షాపుల్లో కార్డు ఫ్రీగా ఇస్తారు, తెచ్చి మంచం పక్కన గోడకి అంటించు. ఫోన్ యాప్‌లో లొకేషన్ మీ ఊరిదే ఉండిపోయిందేమో అది కూడా చూసుకో.

ఉర్దూ గురించి, తమ్ముడూ, వాళ్లు ఊరుకున్నది నిన్ను తక్కువ చేసి కాకపోవచ్చు. మా పాతబస్తీ పిల్లలకి తెలుగు సరిగ్గా రాదు, వాళ్లకీ నోరు పెగలదు. నాకు తెలుగు వచ్చిందే హాస్టల్‌లో ఒక గుంటూరు పిల్లాడి వల్ల, ఇదిగో ఇప్పుడు ఇలా టైప్ చేస్తున్నా. నువ్వే ఒక ఖర్జూరం ప్యాకెట్ పట్టుకుని వాళ్ల రూమ్‌కి పో. ఇఫ్తార్ ఒంటరిగా టెర్రస్ మీద చేయకు.

కడపమ్మ
మార్చి 4, ఉదయం 5:48

నాయనా, ఇప్పుడే సహర్ చేసి నమాజు చదువుకోని ఫోన్ తీసినా, నీ మాటలు చదివి కడుపులో పేగు కదిలినట్టయింది. నా కొడుకు గూడా మూడేండ్లు హాస్టల్లో ఉండినాడు. వానికి చెప్పిందే నీకూ చెప్తా.

రాత్రి మెస్సులో అన్నం పెడతారు గదా, ఒక స్టీలు టిఫినీలో తెల్లన్నం తెచ్చుకో. గోరువెచ్చని పాలు ఒక గ్లాసు అందులో పోసి, మెస్సు పెరుగు ఒక స్పూను వేసి కలిపి మూత పెట్టి తలకాడ పెట్టుకో. పాలు మరీ వేడిగా ఉండకూడదు, వేలు పెడితే ఓర్చుకునేంత ఉండాల. నాలుగింటికి తీస్తే గట్టిగా తోడుకోని ఉంటాది, ఉప్పేసుకోని ఒక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కోని తిను. కరెంటు వద్దు, కెటిలు వద్దు, ఎవరి నిద్రా చెడదు. మధ్యాన్నం దాకా కడుపు చల్లగా ఉంటాది. బ్రెడ్డు తింటే పది గంటలకే మాడిపోతావు బిడ్డా, అది ఆగే తిండి కాదు. మారు రుచి కావాలంటే అటుకులు నానేసి బెల్లం పాలు పోసుకో. మీ అమ్మకు చెప్పి నువ్వులుండలు, సున్నుండలు పంపించమను, సహర్లో ఒకటి చాలు.

ఇంకోటి, మీ అమ్మకు ఆ ఎనిమిది నిమిషాల సంగతి చెప్పు. తల్లి బాధపడతాదని దాచబాకు. రేపు ఎల్లుండి మళ్లీ అదే అజాన్ వినిపిస్తాది, ఆమెకు తెలియకపోతే మళ్లీ "తినరా" అంటాది.

మాజీ_వార్డెన్
మార్చి 4, మధ్యాహ్నం 1:15

పదకొండేళ్లు హాస్టల్ వార్డెన్‌గా చేశాను, ఇప్పుడు రిటైర్ అయ్యాను. అడగడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే చాలామంది పిల్లలు తప్పుగా అడిగి కాదనిపించుకుంటారు. ఒక్కడే వచ్చి "సార్ నాకు పొద్దున నాలుగింటికి అన్నం కావాలి" అంటే ఏ వార్డెనైనా కుదరదనే అంటాడు. ఆయన అవతల మెస్ కాంట్రాక్టర్‌తో మాట్లాడాలి, కాంట్రాక్టర్‌కి తల లెక్క కావాలి. కాబట్టి మీ హాస్టల్‌లో రోజా ఉండేవాళ్లు ఎంతమందో ముందు లెక్క తేల్చండి. ఒక కాగితం మీద పేరు, రూమ్ నంబర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఇవి రాసి అందరూ సంతకాలు పెట్టండి. అడిగేది కూడా స్పష్టంగా ఉండాలి. రాత్రి భోజనం అయ్యాక సహర్ కోసం అన్నం, పప్పు లేదా చపాతీలు హాట్‌బాక్సులో కట్టి ఇవ్వమనండి. సాయంత్రం స్నాక్స్ ఎలాగూ ఐదింటికి ఇస్తారు, మీ వాటా ఆరుంపావు దాకా పక్కన ఉంచమనండి. మధ్యాహ్నం మీరు తినరు కాబట్టి కాంట్రాక్టర్‌కి కొత్తగా పడే ఖర్చు పెద్దగా ఉండదు, ఆ మాట కాగితంలోనే రాయండి. గేటు విషయం వేరే కాగితం. తరావీకి వెళ్లే మసీదు పేరు, తిరిగొచ్చే టైం, ఇంటి నుంచి తండ్రిగారి ఫోన్ లేదా ఉత్తరం, ఇవి ఉంటే వార్డెన్‌కి ధైర్యం. రేపు ఏదన్నా జరిగితే అడిగేది ఆయన్నే కదా.

ఇంకో మాట. ఈ నెల 2 నుంచి 31 వరకు ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగింటికే వెళ్లొచ్చని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అది ఉద్యోగులకే, విద్యార్థులకి వర్తించదు, కాబట్టి దాన్ని చూపించి వాదించకండి. కానీ మీ హెచ్‌ఓడీకి ఒక మాట చెప్పి ఉంచితే ల్యాబ్‌లో ఆ సార్ మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

క్యూలో_నిలబడ్డా
మార్చి 4, సాయంత్రం 4:30

నేను వేరేలా చూస్తున్నా, ఎవరూ తప్పుగా తీసుకోవద్దు. మెస్ బిల్లు అందరం ఒకటే కడతాం. మా హాస్టల్‌లో రెండేళ్ల కింద ఇలాగే తెల్లవారుజామున వంట కావాలని అడిగితే మేనేజ్‌మెంట్ సరే అంది, కానీ చేసిందెవరు, అదే వంటమాస్టర్. రాత్రి పదకొండు దాకా గిన్నెలు కడిగించి మళ్లీ మూడింటికి లేపారు, పాపం ఆయన పదో రోజుకి జ్వరంతో పడిపోయి ఊరెళ్లిపోయాడు. తర్వాత వారం అందరికీ బయటి తిండే. ఒకరి భక్తికి ఇంకొకరి నిద్ర పోకూడదు కదా. ఎవరికి వాళ్లు ఏర్పాటు చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

నల్గొండ_స్వామి
మార్చి 4, సాయంత్రం 6:05

పైన అన్నకు ఒక మాట చెప్తా. వంటమాస్టర్ గురించి నువ్వు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, గది ఎవరూ కాదనరు. కానీ ఎవరికి వాళ్లు అంటే గట్ల కాదన్నా. నేను హాస్టల్‌ల ఉండి రెండుసార్లు అయ్యప్ప మాల ఏసిన. 41 రోజులు, నవంబర్ డిసెంబర్ చలిల పొద్దుగాల నాలుగింటికి బకెట్ చన్నీళ్లు పోసుకునుడు, పూజ, మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, కాళ్లకు చెప్పులు లేకుండ నల్ల బట్టలతోటి క్లాస్‌కు పోవుడు. మాకు మెస్‌ల ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ లేకుండ వేరే గిన్నెల వండిన్రు, ఎవ్వరు ఏమనలే. సార్లు గూడ స్వామీ అనే పిలిచిన్రు. మాకు దొరికిన మర్యాద ఈ తమ్మునికి గూడ దొరకాలె కదా.

తమ్మీ, నీకు చెప్పేదేందంటే నీ రూమ్మేట్లకు ఇయ్యాలనే చెప్పు. నేను మాల ఏసినప్పుడు నా రూమ్‌ల ఉన్నోడు మెదక్ సాబ్ల పిల్లగాడు, నేను లేచే టైంకు వాడే అలారం పెట్టుకునేటోడు, నేను లేవకపోతే దుప్పటి గుంజేటోడు. తర్వాత వాని రంజాన్‌ల నేను గంతే చేసిన. చీకట్ల టార్చి పెట్టుకోని తినుడేంది, దొంగతనం చేస్తున్నవా?

మాజీ_వార్డెన్
మార్చి 4, రాత్రి 8:50

వంటవాళ్ల నిద్ర గురించి రాసినవారికి ధన్యవాదాలు. అందుకే తెల్లవారుజామున వంట అడగొద్దని, రాత్రి భోజనంతో పాటే వండి హాట్‌బాక్సులో ఉంచమనే రాశాను. మంచి హాట్‌బాక్సులో తొమ్మిదిన్నరకి పెట్టిన చపాతీ నాలుగింటికి వేడిగా ఉండదు, మెత్తగా మాత్రం ఉంటుంది. అన్నం, పప్పు అంతసేపు మూసి ఉంచితే మార్చి ఎండల్లో పాసిపోయే భయం ఉంది, కాబట్టి పప్పు కంటే పొడి కూర, పచ్చడి, పెరుగు మేలు. కడప అమ్మగారు చెప్పిన తోడన్నం అన్నిటికంటే మంచిది.

ఫార్మసీ_ఆపా
మార్చి 5, రాత్రి 10:30

నేను విజయవాడలో గర్ల్స్ హాస్టల్‌లో నాలుగేళ్లు ఉన్నా, ఇప్పుడు ఫార్మసిస్ట్‌గా చేస్తున్నా. ల్యాబ్‌లో కళ్లు మూతలు పడటం ఆకలి వల్ల కాదు తమ్ముడూ, సగం నిద్ర తక్కువై, సగం నీళ్లు తక్కువై. ఇఫ్తార్ నుంచి సహర్ దాకా రెండు రెండున్నర లీటర్లు లోపలికి పోవాలి, అదీ సహర్‌లో ఒకేసారి లీటరు తాగితే ఉపయోగం లేదు, గంటకోసారి గ్లాసు చొప్పున తాగాలి. బాటిల్‌తో తరావీకి వెళ్లు. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి వస్తే అది చాలామందికి టీ కాఫీ మానేసినందుకు వస్తుంది, తగ్గిపోతుంది. రాత్రి పదిన్నరకి పడుకో, సహర్ తర్వాత గంట, మధ్యాహ్నం లంచ్ టైంలో ఎలాగూ తినవు కాబట్టి ఇరవై నిమిషాలు తల వాల్చు. ఇఫ్తార్‌లో సమోసా, మిర్చీ బజ్జీలతో కడుపు నింపేసి, దాని మీద హలీం తిని, తరావీలో గుండెల్లో మంట అంటూ నా దగ్గర టాబ్లెట్లకి వచ్చే పిల్లలు రోజుకి ఎంతమందో. హలీం మంచిదే, గోధుమ, మాంసం, నెయ్యి, హైదరాబాద్ హలీంకి 2010లోనే జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) వచ్చింది, కాదనను, కానీ రోజూ వద్దు. షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునే పిల్లలు డాక్టర్‌ని అడక్కుండా ఉండొద్దు. జబ్బుపడినవాళ్లు తర్వాత ఉండొచ్చని ఖురాన్లోనే ఉంది.

ఇది చదివే అమ్మాయిల కోసం ఒకటి రాస్తా, ఎవరూ రాయరు కాబట్టి. నెలసరి రోజుల్లో మనకి రోజా లేదు, తర్వాత ఖజా ఉంటాం. ఇంట్లో అయితే అమ్మ ఏమీ అడక్కుండా ఒక మూల గిన్నె పెట్టేస్తుంది. హాస్టల్‌లో మాత్రం "ఏంటి ఇవాళ ఉపవాసం లేదా, మానేశావా" అని మెస్ లైన్లో అందరి ముందూ అడుగుతారు. ఫస్టియర్‌లో నేను ఆ ప్రశ్నకి భయపడి ఆ రోజుల్లో కూడా పగలంతా ఏమీ తినకుండా, నీళ్లు తాగకుండా తిరిగి నాలుగో రోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డా. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. తర్వాత నా రూమ్మేట్ ఒకమ్మాయి, వాళ్లది ఏలూరు, నాకు మెస్ నుంచి ప్లేటు రూమ్‌కే తెచ్చిపెట్టేది, ఎవరైనా అడిగితే "తనకి ఒంట్లో బాలేదు" అని తనే చెప్పేసేది. చెల్లెళ్లూ, ఎవరో ఒక్కరికి చెప్పుకోండి. ఆకలితో తిరగొద్దు, దాని మీద పుణ్యం ఏమీ రాదు.

గురుకులం_బ్యాచ్
మార్చి 6, ఉదయం 7:10

నేను తెలంగాణ మైనారిటీ గురుకులంలో చదివా, 2016లో మొదలయ్యాయి కదా, మొదట్లోనే చేరా. అక్కడ సహర్, ఇఫ్తార్ అందరికీ హాస్టల్‌లోనే, బెల్ కొడితే లేచేవాళ్లం, కాబట్టి డిగ్రీకి ప్రైవేట్ హాస్టల్‌కి వచ్చినప్పుడు నాకూ ఇదే షాక్. ఒక్క చిట్కా, అలారం ఒక్కరి ఫోన్లో కాదు, ముగ్గురి ఫోన్లలో మూడు టైములకి పెట్టుకోండి, ఎవరు ముందు లేస్తే వాళ్లు మిగతా రూమ్‌ల తలుపులు తట్టాలి. రూమ్‌లో ఎవరు లేవాలో ఆ తలుపు మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టేవాళ్లం, తప్పు తలుపు తట్టకుండా.

ఇంటర్_సెకండియర్_బైపీసీ
మార్చి 6, సాయంత్రం 5:40

మాకు ఇవాళే పబ్లిక్ ఎగ్జామ్స్ స్టార్ట్ అయ్యాయి, ఇవాళ సెకండ్ లాంగ్వేజ్ రాశా, రోజా ఉండే రాశా. భయపడ్డా కానీ పేపర్ తొమ్మిదింటికి కాబట్టి సహర్ చేసి ఫజర్ (తెల్లవారుజాము) నమాజు చదివి రెండు గంటలు రివిజన్ చేసుకుని పోతే తల చాలా క్లియర్‌గా ఉంది, ఇబ్బంది అంతా పన్నెండు దాటాక ఎండలో బస్టాప్ దగ్గర. మా కాలేజీ హాస్టల్‌లో సాయంత్రం స్టడీ అవర్ మధ్యలోంచి ఇఫ్తార్‌కి పది నిమిషాలే ఇస్తారు. నా కోసం కూడా దువా చేయండి, ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉన్నాయి ఇంకా.

తెనాలి_పిల్లోడు
మార్చి 8, రాత్రి 11:05

అందరికీ చాలా థాంక్స్. వరుసగా చెబుతా.

మంగళవారం రాత్రే రూమ్మేట్స్‌కి చెప్పా. ఒకతను ఉప్పల్, ఇంకొకతను ఖమ్మం. ఉప్పల్ అతను "మరి మూడు రోజుల నుంచి లంచ్‌కి రాకపోతే నువ్వు మాతో కూర్చోడం ఇష్టంలేక రావట్లేదేమో అనుకున్నాం" అన్నాడు. నేను వాళ్ల నిద్ర చెడగొట్టకూడదని చీకట్లో తింటుంటే వాళ్లు ఇలా అనుకుంటున్నారు. ఇప్పుడు లైటు వేసే తింటున్నా, ఖమ్మం అతను అసలు లేవడు, ఉప్పల్ అతను ఒక కన్ను తెరిచి "ఇంకెంత టైం ఉందిరా" అని అడిగి మళ్లీ పడుకుంటాడు.

కడప అమ్మగారూ, తోడన్నం మొదటి రోజు పులిసిపోయింది, పెరుగు రెండు స్పూన్లు వేశా. రెండో రోజు మీరు చెప్పినట్టు ఒకటే వేస్తే, మూత తీయగానే కత్తితో కోసినట్టు గట్టిగా ఉంది. ఇవాళ రోజంతా ఇబ్బంది లేదు, ల్యాబ్‌లో కూడా కూర్చోగలిగా. అమ్మకి ఎనిమిది నిమిషాల సంగతి చెప్పా. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మేం తిన్నాక ఎనిమిది నిమిషాలు ఆగి నీకు ఫోన్ చేస్తాలే" అంది. ఇప్పుడు రోజూ అంతే, ఇక్కడ సైరన్ మోగిన వెంటనే ఫోన్ వస్తుంది.

భయ్యా, ఖర్జూరం ప్యాకెట్ పట్టుకుని థర్డియర్ వాళ్ల రూమ్‌కి పోయా. నాకు ఉర్దూ రాదని తెలుగులోనే చెప్పేశా. వాళ్లలో ఇద్దరికి తెలుగు బాగానే వచ్చు, ఒకతను నిజామాబాద్, ఒకతను కరీంనగర్. నమాజు అందరికీ ఒకటే కదా, మాటలకేముంది అన్నారు. లెక్క తీస్తే మా బ్లాక్‌లోనే 22 మంది తేలారు, అందులో ఆరుగురు ఫస్టియర్, వాళ్లలో ఇద్దరు నాలాగే ఎవరికీ చెప్పకుండా బ్రెడ్డు తింటున్నారు. కాగితం రాశాం, మెస్ అన్నకి మూడింటికి లేచే పని వద్దని, రాత్రి వంటతోనే కావాలని మొదటి లైన్లోనే రాశాం, క్యూలో_నిలబడ్డా గారూ, అది మీ మాట వల్లే. వార్డెన్ సార్ చదివి మెస్‌కి పంపారు. సోమవారం నుంచి చపాతీ, పొడి కూర, ఒక్కొక్కరికి గుడ్డు. గేటు మాత్రం ఒప్పుకోలేదు, తొమ్మిది దాకానే అన్నారు.

క్యూలో_నిలబడ్డా
మార్చి 9, ఉదయం 9:15

సంతోషం తమ్ముడూ. ఆ మెస్ అన్న పేరు కనుక్కుని పండగ రోజు ఆయనకి కూడా సేమియా ఇవ్వండి.

పాతబస్తీ_భయ్యా
మార్చి 9, మధ్యాహ్నం 2:00

గేటు గురించి దిగులుపడకు. సిటీలో కొన్ని చోట్ల తరావీలో ఖురాన్‌లోని ముప్పై పారాల్లో (భాగాల్లో) రోజుకి మూడు చదివి పదిరోజుల్లో పూర్తి చేస్తారు, కానీ నీకు ఇప్పుడు అది దూరం. హాస్టల్‌లోనే ఒక ఖాళీ రూమ్ అడగండి, మీ 22 మందిలో ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్ ఒక్కడైనా ఉంటాడు, లేకపోయినా వచ్చిన సూరాలతో (అధ్యాయాలతో) చదువుకోవచ్చు. మేం వరండాలో దుప్పట్లు పరిచి చదివేవాళ్లం.

తెనాలి_పిల్లోడు
మార్చి 15, రాత్రి 10:48

నిన్న హోలీ, శుక్రవారం జుమా నమాజు రెండూ ఒకేరోజు పడ్డాయి. పొద్దున హాస్టల్ గ్రౌండ్‌లో రంగులు మొదలయ్యాయి, నాకు ఎలా చెప్పాలో అని రూమ్‌లోనే ఉన్నా, జుమాకి తెల్ల బట్టలతో పోవాలి. ఉప్పల్ అతను మొత్తం రంగులతో తడిసి తలుపు దగ్గరే నిలబడి లోపలికి రాలేదు, చిటికెన వేలితో నా నుదుటి మీద చిన్న బొట్టంత గులాబీ రంగు పెట్టి "అయిపోయింది, కడుక్కుని నమాజుకి పో" అన్నాడు. మసీదులో నమాజుకి ముందు ముఖం, చేతులు కడుక్కుని వుజూ చేస్తుంటే కొంచెం గులాబీ నీళ్లు కారాయి.

వరండాలో తరావీ మొదలుపెట్టాం, కరీంనగర్ అన్న హాఫిజ్ అంట, ఇన్నాళ్లూ మాకెవరికీ తెలీదు. రోజు ఎలా గడుస్తుందో ఇప్పుడు తెలియట్లేదు, రెండో మిడ్ పరీక్షలు మాత్రం ఇరవై నాలుగు నుంచి.

నల్గొండ_స్వామి
మార్చి 15, రాత్రి 11:20

ఈ హోలీ ముచ్చట మా ఇంట్ల అందరికి చదివి వినిపిచ్చిన తమ్మీ. మిడ్‌లు మంచిగ రాయి.

తెనాలి_పిల్లోడు
ఏప్రిల్ 1, సాయంత్రం 5:30

ఆలస్యంగా ఈద్ ముబారక్ అందరికీ. ఇంటి దగ్గర నుంచి రాస్తున్నా. శనివారం ట్రైన్లో వెయిటింగ్ లిస్టే, ఆదివారం రాత్రి కాచిగూడలో రేపల్లె బండికి దొరికింది. ఆదివారం ఉగాది, అదే మాకు ఇరవై తొమ్మిదో రోజా. హాస్టల్ ఖాళీ, మెస్ బంద్. ఉప్పల్ అతను సాయంత్రానికి తన ఇంటికి రమ్మన్నాడు. వాళ్లమ్మ పొద్దున చేసిన ఉగాది పచ్చడి అందరికీ పోసి ఒక స్టీలు గ్లాసు మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచి ఉంచింది, "పొద్దున తాగవు కదా బిడ్డా, నీ టైం ఎప్పుడో అప్పుడే తాగు" అంది. మా వైపు పచ్చడి చిక్కగా ఉంటుంది, వాళ్లది తాగేలా పల్చగా, మట్టికుండలో చేశారంట. 6:30కి వాళ్ల వీధి చివర మసీదులో సైరన్ మోగాక ఖర్జూరం తిని ఆ గ్లాసు ఎత్తా. పగలంతా నీళ్లు లేని నోటికి ముందు బెల్లం తగిలింది, తర్వాత మామిడి పులుపు, వేపపువ్వు చేదు మాత్రం చివరిదాకా నాలుక కింద ఉండిపోయింది. పచ్చడి తాగుతుండగానే అమ్మ ఫోన్, ఈసారి వాళ్లమ్మే తీసి మా అమ్మతో పావుగంట మాట్లాడింది, నాకు ఫోన్ ఇవ్వలేదు. కాసేపటికి నెలవంక కనబడిందని గ్రూప్‌లో మెసేజ్. అక్కణ్ణుంచి నేరుగా కాచిగూడ.

మెస్ అన్నది ఒడిశా, పేరు అడిగా, పిల్లల ఫోటోలు చూపించాడు. అందరం తలా కొంత వేసుకుని పండక్కి ముందే ఇచ్చాం, వెళ్లాక సేమియా కూడా తీసుకెళ్లి ఇస్తా.

కాలేజీ రేపట్నుంచే, నేను ఒక్కరోజు సెలవు పెట్టా. ఆ మొదటి రోజు బాకీ రోజా రేపు ఉంటున్నా. చెప్పగానే అమ్మ కూడా తన ఖజాలు ఉన్నాయి కదా, నీతో పాటే ఉంటా అంది. నాయనమ్మ అప్పుడే గోధుమలు నానబోసింది. రేపు సాయంత్రం ఇద్దరికీ మా ఊరి అజానే.